దాటే చోటు ఎక్కడ?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయేవాళ్లకు సూర్యాపేట అంటే ఒక టీ, ఒక ప్లేటు ఇడ్లీ, పావుగంట విరామం. కోదాడ అంటే తెలంగాణ అయిపోవచ్చిందన్న గుర్తు. మిర్యాలగూడ అసలు దారిలోనే తగలదు. అయితే జాతరకో, వరదకో, పండగ రద్దీకో ఈ రోడ్డు ఆగిపోయినప్పుడు పోలీసులు బండ్లను ఎక్కువగా మళ్లించేది ఆ ఊరి మీదుగానే. ఈ మూడు ఊళ్లనూ ఒక చుట్టు చుట్టి రావాలని బయల్దేరాను. కారు ఇంట్లోనే పెట్టి, ఆర్టీసీ బస్సులూ ఆటోలూ పట్టుకున్నాను. కారులో పోయేవాడికి ఈ రోడ్డు పొడవు ఒక్కటే తెలుస్తుంది. దాని అడ్డం ఎంతో తెలియాలంటే దిగి అవతలికి దాటాలి.

పాతవాళ్లకు ఇది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. పుణెలో మొదలై షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. ఇందులో మల్కాపూర్ నుంచి నందిగామ వరకు 181 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేసి, 2012 డిసెంబరు నుంచి టోల్ వసూలు మొదలుపెట్టారు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఈ మూడు టోల్ ప్లాజాల పేర్లు ఈ దారిన తిరిగేవాళ్లందరికీ కంఠతా వచ్చు. కట్టిన జీఎంఆర్ సంస్థ పక్కకు తప్పుకోగా, 2024 జులై 1 నుంచి వసూళ్లు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చాయి.

నాలుగు వరుసలు వచ్చాక హైదరాబాద్, విజయవాడల మధ్య ప్రయాణ సమయం తగ్గింది. ఊళ్ల దగ్గర మాత్రం చావులు పెరిగాయని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. చివరికి రహదారుల సంస్థే చౌటుప్పల్ నుంచి నవాబుపేట వరకు 17 చోట్లను బ్లాక్ స్పాట్లుగా గుర్తించింది. టేకుమట్ల, జమ్మిగడ్డ, సూర్యాపేటలోని జనగామ క్రాస్ రోడ్డు, దురాజ్‌పల్లి, ముకుందాపురం, ఆకుపాముల, కొమరబండ, అన్నీ ఆ జాబితాలోవే. వీటిలో కొన్నిచోట్ల ఫ్లైఓవర్లు, కొన్నిచోట్ల అండర్‌పాస్‌లు, మిగతాచోట్ల సర్వీసు రోడ్లూ లైట్లూ అన్నది ఇప్పటి పథకం.

ఇక్కడ కొండల్లేవు కాబట్టి సొరంగాలు తవ్వే పని లేదు. రోడ్డునే మట్టికట్ట మీదికి ఎత్తి, ఊరి కోసం దాని కడుపులో ఒక కాంక్రీటు పెట్టె వదులుతారు. పైన బస్సులూ లారీలూ దూసుకుపోతుంటే, కింద ఆ పెట్టెలోంచి ఊరు అటూ ఇటూ తిరగాలి. ఆ లెక్కన ప్రతి ఊరికీ తలా ఒక చిన్న సొరంగం వస్తున్నట్టే. అది ఎక్కడ పెట్టారు, ఎంత ఎత్తు ఉంచారు, వాన నీరు ఎటు పోతుంది అన్న మూడు ప్రశ్నల మీదే ఊరి రాకపోకలూ బేరాలూ ఆధారపడి ఉన్నాయి.

టేకుమట్ల దగ్గర మూసీ దాటగానే సూర్యాపేట గాలి తగులుతుంది. జనగామ క్రాస్ రోడ్డు దగ్గర దిగాను. ఇక్కడి నుంచి ఒక దారి జనగామ వైపు పోతుంది, ఇంకోటి ఊళ్లోకి. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద చాయ్ పెడుతున్న ఒక అవ్వ దగ్గర కూర్చున్నాను. గ్లాసులు కడుగుతూనే మాట్లాడింది. ఈ మూల మీద చచ్చినవాళ్ల లెక్క ఆమెకు నోటికే ఉంది, తారీకులతో కాదు, పండగలతో: దసరాకు ముందు ఒకాయన, ఉగాది తెల్లారి ఇద్దరు పిల్లలు.

“బ్రిడ్జి లేస్తే సచ్చుడు తప్పుతది బిడ్డా, అది మంచిదే. బండ్లన్నీ పైనుంచే పోతే మా చాయ్ ఎవలు తాగుతరు మరి?”

ఆ రెండు మాటల్లో ఒకటి నిజం, ఒకటి స్వార్థం అని విడదీయలేం. ఆమె చాయ్ కొట్టూ, దాటేవాళ్ల ప్రాణాలూ ఒకే మూల మీద ఆధారపడి ఉన్నాయి. బండి వేగం తగ్గే చోటే బేరం, దాటే చోటే ప్రమాదం.

ఊళ్లోకి నడిచాను. ఒకప్పుడు ప్రతి బస్సూ ప్రతి లారీ ఈ మెయిన్ రోడ్డు మీదుగానే పోయేవి. బైపాస్ వచ్చాక పాత హైవే ఊరి బజారుగా మారింది. బట్టల దుకాణాలు, బంగారం షాపులు, ఆస్పత్రులు, పురుగు మందుల కొట్లు. రద్దీ తగ్గలేదు కానీ తీరు మారింది. దూరం పోయేవాళ్ల బేరం బైపాస్ మీది ఫుడ్ కోర్టులకు పోయింది, చుట్టుపక్కల మండలాల బేరం ఊళ్లో నిలిచింది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రం అవడంతో ఆఫీసుల పని మీద వచ్చేవాళ్లు తోడయ్యారు. వ్యవసాయ మార్కెట్‌కు వడ్లు పోటెత్తే సీజన్ సరేసరి. అందుకే బైపాస్ వల్ల సూర్యాపేట చతికిలబడలేదు. తన సొంత బేరం తనకున్న ఊరు రోడ్డు పక్కకు తప్పుకున్నా తట్టుకుంటుంది.

అలాంటి సొంత బేరం లేని ఊళ్ల గతి వేరు. జమ్మూ, శ్రీనగర్ రోడ్డు మీద చెనాని, నాష్రీల మధ్య 9 కిలోమీటర్ల సొరంగం 2017 ఏప్రిల్‌లో తెరిచారు. ముప్పై కిలోమీటర్ల కొండదారి తగ్గింది, మంచు పడ్డ రోజుల్లోనూ ఆ ముక్కలో బండ్లు ఆగకుండా పోతున్నాయి. దేశమంతా మెచ్చుకున్న పని అది. అయితే పాత దారిలోని కుద్, పట్నీటాప్, బటోత్ ఊళ్లు ఒక్కసారిగా దారి తప్పిన ఊళ్లయ్యాయి. కుద్‌లో పతీసా అనే మిఠాయి కోసం ప్రతి బస్సూ ఆగేది. ఆ దుకాణాల బేరమంతా పోయేవాళ్లూ వచ్చేవాళ్లదే కాబట్టి సొరంగం తెరుచుకోగానే బేరం పడిపోయింది. సొరంగం కట్టిన ఖర్చులో ఆ నష్టం ఎక్కడా రాయరు. మన దగ్గర దూరం చిన్నది, కొండ లేదు, కానీ లెక్క అదే. సూర్యాపేట తట్టుకుంది. ముకుందాపురం స్టేజీ దగ్గర పంక్చర్ వేసుకునే మనిషి తట్టుకుంటాడా అన్నదే ప్రశ్న.

సూర్యాపేట దాటగానే దురాజ్‌పల్లి. రోడ్డు పక్కనే పెద్దగట్టు, గొల్లగట్టు అని కూడా అంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదే. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. భేరీలు, గజ్జెల లాగులు, “ఓ లింగా” అనే కేకలు, లక్షల జనం, వాళ్లతోపాటు మేకపోతులు. గట్టు హైవేను ఆనుకుని ఉండటంతో ఆ అయిదు రోజులూ జనమే రోడ్డు అవుతారు. 2025 ఫిబ్రవరి జాతరప్పుడూ అదే జరిగింది. విజయవాడ పోయే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే పక్కకు తిప్పి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపారు. అటునుంచి వచ్చేవాటిని కోదాడలో తిప్పారు. రెండు రాష్ట్రాల మధ్య నడిచే అంత పెద్ద రోడ్డు ఒక గొల్లల దేవుడికి దారి ఇచ్చి పక్కకు తప్పుకోవడం నాకు ముచ్చటగా అనిపించింది. దేవుడికి అయిదు రోజులు ఇచ్చే ఆ మర్యాద, మిగతా రోజుల్లో గట్టు కింది ఊరివాళ్లకు దక్కదు.

మునగాల దాకా ఆటోలో వెళ్లాను. నైజాం రాజ్యం మధ్యలో బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపంలా ఉండేది ఈ పరగణా. కొమర్రాజు లక్ష్మణరావు ఇక్కడి సంస్థానానికి దివానుగా ఉండి తెలుగు పుస్తకానికి ఎంతో సేవ చేశారు. ఆ రోజుల్లో ఈ ఊరికి సరిహద్దు నాలుగు వైపులా ఉండేది. ఇప్పుడు సరిహద్దు ఊరి పక్కనే, డివైడర్ రూపంలో ఉంది.

2022 నవంబరులో ఒక రాత్రి మునగాల దగ్గర అయ్యప్ప పడిపూజ ముగించుకుని ట్రాక్టర్ ట్రాలీలో ఇళ్లకు తిరిగి వస్తున్నవాళ్లను లారీ ఢీకొట్టింది. అయిదుగురు చనిపోయారు, ట్రాలీలో ఉన్న మిగతావాళ్లలో చాలామంది గాయపడ్డారు. ట్రాక్టర్ రాంగ్ రూట్‌లో వస్తోందని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. రాసింది నిజమే. నేను ఆ ఊళ్ల దగ్గర రోడ్డు పక్కన నిలబడి చూస్తే, పొలం నుంచి వచ్చే ప్రతి రెండో బైకు రాంగ్ రూట్‌లోనే వస్తోంది. సరైన దారిలో ఇల్లు చేరాలంటే ముందు ఇంటికి వ్యతిరేక దిశలో యూటర్న్ దాకా పోయి, అక్కడ లారీల మధ్య తిరిగి, మళ్లీ అంత దూరం రావాలి. డీజిలు ఎవరు పోస్తారని అటుగా వచ్చిన ఒక ట్రాక్టర్ ఆయన అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చట్టం ప్రకారం తప్పు అతనిది. ఊరికీ పొలానికీ మధ్య దాటే చోటు లేకుండా గీత గీసిన చేయి మాత్రం ఏ కేసులోనూ ఉండదు.

మునగాలకూ కోదాడకూ మధ్య ఒక కింది దారి దగ్గర చాలాసేపు గడిపాను. ఎత్తు తక్కువ పెట్టె అది. రహదారుల లెక్కలో లారీలు పోయే అండర్‌పాస్‌కు అయిదున్నర మీటర్ల ఎత్తు, చిన్న బండ్లు పోయేదానికి నాలుగు మీటర్లు. నాలుగు మీటర్లు అంటే మనిషికి ఆకాశమంత ఎత్తు. వరిగడ్డి కట్టిన ట్రాక్టర్‌కు మాత్రం కాదు. ఆ పెట్టె నోటి దగ్గర పైఅంచుకు గడ్డి పోచలు గీరుకుపోయి, వరసగా తోరణంలా వేలాడుతున్నాయి. లోపల గోడకు ఒక మూల రంగు చెదిరిన గీత, వరికోత మిషన్ తగిలిన చోటు. గోడ కింద మోకాలి ఎత్తున ఎండిన బురద గుర్తు. కాలువ వైపు వాలు లేక వాన పడితే నీళ్లు ఇక్కడే నిలుస్తాయట. నీళ్లు నిలిచిన రోజు బడి పిల్లలు కట్ట ఎక్కి, రెయిలింగ్ దూకి, పైనుంచి దాటుతారు. అంటే ప్రమాదం తప్పించడానికి కట్టినది వానాకాలంలో పిల్లలను మళ్లీ లారీల ముందుకే పంపుతోంది.

పక్కనే చిన్న కిరాణా కొట్టు. దాని యజమాని నడివయసు మనిషి. రోడ్డు కట్ట లేవకముందు అవతలి వైపు స్టేజీలో బస్సు దిగినవాళ్లకు తన కొట్టు కనపడేదని చెప్పాడు. ఇప్పుడు మట్టిని పట్టి ఉంచే పలకల గోడ కనిపిస్తుంది. పిల్లర్ల మీద కట్టి ఉంటే కిందంతా ఖాళీగా ఉండి అటు ఇటు చూపు ఆనేది, కింద సంత పెట్టుకునేవాళ్లం, ఆటోలు నిలబెట్టుకునేవాళ్లం అన్నాడు. పిల్లర్లకు ఖర్చు ఎక్కువ, మట్టికట్టకు తక్కువ. మిగిలిన డబ్బు రహదారి ఖాతాలో కనిపిస్తుంది, పోయిన బేరం ఈ కొట్టు అప్పుల పుస్తకంలో కనిపిస్తుంది. పట్టణాల దగ్గర ఫ్లైఓవర్ పిల్లర్ల మీదే కావాలని జనం ఎందుకు పట్టుబడతారో ఆ కొట్టు ముందు నిలబడితే తేలిగ్గా అర్థమవుతుంది.

కోదాడ లారీల ఊరు. కొమరబండ దగ్గర బైపాస్ విడిపోతుంది, పాత రోడ్డు ఊళ్లోకి పోతుంది. మెకానిక్ షెడ్లు, టైర్ల కొట్లు, బాడీ పనివాళ్లు, ఆకుకూరంత చవగ్గా భోజనం పెట్టే మెస్సులు. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఆ సిమెంటు ఈ రోడ్లెక్కే బయటికి పోతుంది. లారీ నిలిపే జాగా మాత్రం బైపాస్ పక్కన సరిగా లేదు. డ్రైవర్‌కు నిద్ర వస్తే బండి రోడ్డు అంచునే ఆగుతుంది. 2024 ఏప్రిల్‌లో కోదాడ శివారు దుర్గాపురం దగ్గర తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి ఢీకొట్టి ఆరుగురు చనిపోయారు. ఫ్లైఓవర్లకు ఉన్న ప్రచారం లారీలు నిలిపే జాగాకు లేదు. శంకుస్థాపన చేయడానికి అది అంత అందంగా ఉండదు.

రామాపురం క్రాస్ రోడ్డు దాటి పాలేరు వాగు దగ్గరికి పోతే తెలంగాణ అయిపోతుంది. ఆంధ్రలో పెట్రోలు ధర ఎక్కువ కాబట్టి ఇటువైపు బంకుల్లో ట్యాంకులు నిండుతాయి. వడ్ల సీజన్లో చెక్‌పోస్టు దగ్గర లారీలు వరస కడతాయి. 2024 ఆగస్టు చివరి రాత్రి, సెప్టెంబరు 1 పగలు ఇక్కడ నీళ్లు రోడ్డెక్కాయి. పాలేరు పొంగింది, అవతల గరికపాడు దగ్గర వంతెన దెబ్బతింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కోదాడ పట్టణంలో కార్లు కొట్టుకుపోయి ఇద్దరు ప్రాణాలు వదిలారు. ఎత్తిన రోడ్డు వరద రోజున చెరువుకట్ట పని చేస్తుంది. కింద తూములు చాలినన్ని ఉంటే సరే, లేకుంటే ఎగువ పొలాలు, ఎగువ కాలనీలు మునిగాకే నీళ్లు దారి వెతుక్కుంటాయి. ఆ తూముల లెక్క కట్టేది ఎవరు? పాత వాగుల పేర్లు తెలిసిన రైతులను ఎవరూ అడగలేదని కోదాడలో విన్నాను.

ఆ వరద రోజున కూడా బండ్లను మిర్యాలగూడ మీదుగానే మళ్లించారు. అందుకే నేనూ అదే దారి పట్టాను. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల, చిల్లేపల్లి దగ్గర మళ్లీ మూసీ. ఇది 167వ నంబరు జాతీయ రహదారి. పేరుకు జాతీయమే, నడిచేది మాత్రం ఊళ్ల మధ్యలోంచి. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో రెండు వైపులా వరి. అరుగుల మీద కూర్చున్నవాళ్ల మోకాళ్లకు బస్సు గాలి తగులుతుంది. ఇక్కడ దాటడానికి ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. మళ్లింపు రోజున ఇదే రోడ్డు మీదికి వోల్వోలూ కంటైనర్లూ వచ్చి పడితే ఆ అరుగు మీద కూర్చోవడానికి వీలుండదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణం. తెలంగాణలో ఇన్ని మిల్లులు ఒక్క చోట ఇంకెక్కడా లేవు. ఉప్పుడు బియ్యపు వాసన బస్సు దిగకముందే ముక్కుకు తగులుతుంది. కోతల కాలంలో సన్న వడ్ల ట్రాక్టర్లు టోకెన్లు పట్టుకుని మిల్లుల ముందు రోడ్డు పొడవునా నిలబడతాయి. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు కూడా ఈ ఊరి మీదుగానే. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం, వాడపల్లి దగ్గర సిమెంటు, అటుపక్క కృష్ణ దాటితే పల్నాడు. గుంటూరు, ఒంగోలు పోయే లారీ డ్రైవర్లకు ఇది విజయవాడను తప్పించుకునే దారి.

ఈదులగూడ చౌరస్తాలో ఒక మెకానిక్‌ను, హైవే మళ్లించిన రోజుల్లో బేరం పెరుగుతుందా అని అడిగాను. నవ్వాడు. “టైర్లు పేలుతయి అన్నా, గదే బేరం. మా వడ్ల ట్రాక్టర్లు మిల్లుకు చేరక రెండు దినాలు రోడ్డు మీదనే. అండ్ల తడిసిన వడ్లకు ఎవలిస్తరు పైసలు?” మాడ్గులపల్లి దగ్గర టోల్ కట్టించుకునే అద్దంకి రోడ్డు ఇటువైపు, టోల్ కట్టించుకునే 65వ నంబరు రోడ్డు అటువైపు. మధ్యలో భారం మోసే ఊరికి మాత్రం ఏ రసీదూ రాదు.

ఇప్పుడు 65వ నంబరు రోడ్డును ఆరు వరుసలు చేస్తామంటున్నారు. చేయాల్సిందే. ఆ రద్దీ నాలుగు వరుసల్లో పట్టదని సంక్రాంతికి ముందు రోజు చౌటుప్పల్ దగ్గర ఇరుక్కున్న ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆరు వరుసలు దాటడం నాలుగు దాటినంత సులువు కాదు. ఇప్పుడు రెయిలింగ్ దూకుతున్న పిల్లలకు అప్పుడు ఆ దారి కూడా ఉండదు. అందుకని గీత గీసే దశలోనే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ ఊరి దగ్గర ఏది కడతారో చూపించే పటం తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించాలి. కింది దారుల ఎత్తు కోత మిషన్లకూ గడ్డి బండ్లకూ సరిపోవాలి, లైటూ మురుగు కాలువా వాటితోనే రావాలి. బస్సు స్టేజీ ఆ కింది దారి నోటి దగ్గరే ఉండాలి, చాయ్ అవ్వకూ కిరాణా కొట్టుకూ బేరం అక్కడే దొరుకుతుంది. లారీలకు నిలిచే జాగా, వాగులకు చాలినన్ని తూములు, మళ్లింపు భారం మోసే మిర్యాలగూడ దారికి మరమ్మతు డబ్బు కూడా ఆ లెక్కలోనే పడాలి. ఇవన్నీ కాంక్రీటు పోయకముందు అడిగితే ఒక గీత చెరిపి ఇంకో గీత గీయడంతో సరిపోతుంది. పోశాక అడిగితే, మరో పాతికేళ్లు ఈ ఊళ్లు రాంగ్ రూట్‌లోనే ఇల్లు చేరాలి, కేసు కూడా వాళ్ల మీదే ఉంటుంది.